హెచ్‌ఐవీ: రిపోర్టులో వైరస్ కనిపించకపోతే మాత్రలు ఆపేయొచ్చా? తొలి చికిత్స శరీరంలో ఏం చేస్తుంది?

మార్చి దాటితే నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో పని ఊపందుకుంటుంది. తెల్లవారుజామునే కోత, ఆ తర్వాత గ్రేడింగ్, సాయంత్రానికి నున్న మార్కెట్‌కు లోడు. కొందరు కాపు అయ్యేదాకా తోటలోనే పాకలో ఉండిపోతారు. లారీలతో ఉత్తరాదికి వెళ్లేవారు రోజుల తరబడి ఇంటికి రారు. చాలా కుటుంబాలకు ఈ రెండు మూడు నెలల సంపాదనే ఏడాదికి ఆధారం.

ఇలా పనిచేసేవారిలో హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవారు ఎవరైనా ఉంటే, వారికి రోజూ ఒక మాత్ర తప్పనిసరి. అది తెచ్చుకోవడానికి నెలకో, మూడు నెలలకో ఒకసారి ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాలి. వెళ్లిన రోజు కూలి పోతుంది. మరోపక్క కిందటి రిపోర్టులో ‘వైరస్ కనిపించలేదు’ అని వచ్చింది. ఒంట్లో బాగానే ఉంది. ‘ఈ సీజన్ గడిచాక మళ్లీ మొదలుపెడదాంలే’ అనే ఆలోచన ఇక్కడే పుడుతుంది.

ఆ ఆలోచన ఎందుకు ప్రమాదకరమో అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. ఒకటి, రక్తంలో వైరస్ సంఖ్య. రెండోది, వైరస్ వల్ల శరీరం లోపల మొదలయ్యే వాపు ప్రక్రియ. మాత్ర మొదటిదాన్ని వేగంగా అణచివేస్తుంది. రెండోదాన్ని తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆర్పలేదు. మాత్ర ఆపితే రెండూ తిరిగి వస్తాయి.

ముందుగా ఒక స్పష్టత. మామిడి తోటల ప్రాంతంలో హెచ్‌ఐవీ ఎక్కువని ఈ కథనం చెప్పడం లేదు. మిరప కోతలకు వెళ్లేవారికైనా, భవన నిర్మాణానికి హైదరాబాద్ వెళ్లేవారికైనా, షిఫ్టుల్లో పనిచేసే ఉద్యోగులకైనా ఇదే వర్తిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి ఏంటి?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 25.44 లక్షల మంది. వయోజనుల్లో దేశ సగటు 0.20 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. శాతంలో మిజోరం, నాగాలాండ్, మణిపుర్ తర్వాతి స్థానం ఏపీదే. సంఖ్యాపరంగా చూస్తే మహారాష్ట్ర తర్వాత ఎక్కువ మంది ఉన్నది ఇక్కడే.

ఇన్ని లక్షల మందిలో చాలామంది మన మధ్యే పనులు చేసుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ ఉన్నారు. ఏఆర్‌టీ చికిత్స రాకముందు ఇది ఊహకు అందని విషయం. ఏఆర్‌టీ అంటే యాంటీ రెట్రోవైరల్ థెరపీ. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న కేవలం ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలైంది. ఇప్పుడు విజయవాడ, ఏలూరు లాంటి నగరాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. చాలాచోట్ల చిన్న ఆసుపత్రుల్లో లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు కూడా మందులు ఇస్తున్నాయి.

వైరల్ లోడ్, సీడీ4.. ఈ రెండింటికీ తేడా ఏంటి?

మీ చేతిలోని రిపోర్టుల్లో రెండు అంకెలు కనిపిస్తాయి.

సీడీ4 అనేవి రోగనిరోధక వ్యవస్థను నడిపించే ఒక రకం తెల్ల రక్తకణాలు. హెచ్‌ఐవీ ప్రధానంగా వీటిలోకే చొరబడుతుంది. ఈ సంఖ్య 200 కన్నా తగ్గితే క్షయ, కొన్ని రకాల న్యుమోనియా, మెదడు ఇన్‌ఫెక్షన్ల ముప్పు బాగా పెరుగుతుంది. అంటే శరీరం దగ్గర ఎంత రక్షణ మిగిలి ఉందో సీడీ4 చెబుతుంది.

వైరల్ లోడ్ అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్న వైరస్ కాపీల సంఖ్య. మందు పనిచేస్తోందా లేదా అన్నది దీన్ని బట్టే తెలుస్తుంది. ప్రభుత్వ కార్యక్రమంలో ఈ పరీక్ష 2018 నుంచి ఉచితం. చికిత్స మొదలైన 6 నెలలకు, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు.

ఫలితాన్ని స్థూలంగా ఇలా అర్థం చేసుకోవచ్చు.

- 1,000 కాపీలకు పైన: వైరస్ అదుపులో లేదు. మాత్రలు తప్పుతున్నాయా, లేక మందుకు వైరస్ అలవాటుపడిందా అని చూడాలి.
- 1,000 లేదా అంతకన్నా తక్కువ: వైరస్ అణిగి ఉంది. మందు పనిచేస్తోంది.
- కనిపించలేదు: పరీక్ష పట్టుకోగలిగేంత వైరస్ రక్తంలో లేదు.

మూడోదే అందరూ కోరుకునే ఫలితం. మాత్రలు క్రమం తప్పకుండా వాడుతూ ఈ స్థితిలో కొనసాగేవారి నుంచి లైంగికంగా భాగస్వామికి వైరస్ సోకదని పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. భారత్ సహా తొమ్మిది దేశాల్లో 1,763 జంటలపై జరిగిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం 2011లోనే ఈ దిశగా బలమైన ఆధారం ఇచ్చింది. అలాగని రక్తదానం మాత్రం చేయకూడదు. బిడ్డకు పాలివ్వడం గురించి విడిగా డాక్టర్‌తో మాట్లాడాలి.

‘కనిపించలేదు’ అంటే ‘లేదు’ అని కాదా?

కాదు. హెచ్‌ఐవీ తన జన్యు సమాచారాన్ని మన కణాల డీఎన్‌ఏలో కలిపేస్తుంది. అలా కలిసిపోయిన కణాల్లో కొన్ని శోషరస గ్రంథుల్లో, పేగుల్లో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. మాత్రలు కొత్త వైరస్ తయారీని ఆపుతాయి. నిద్రపోతున్న కణాలను మాత్రం ఏమీ చేయలేవు.

తోటలో కలుపు పైకి కోసినట్టే అనుకోండి. నేల మీద ఏమీ కనిపించదు, వేరు లోపలే ఉంటుంది. మాత్ర మానేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలోకి వస్తుంది. ‘నెగెటివ్ అయిపోయింది’ అని కొందరు పొరబడేది ఇక్కడే. వైరల్ లోడ్ రిపోర్టు వేరు, హెచ్‌ఐవీ నిర్ధారణ పరీక్ష వేరు.

మొదట ఇచ్చే మాత్రలో ఏముంటుంది?

2004లో మొదలైనప్పుడు స్టావుడిన్ లేదా జిడోవుడిన్, లామివుడిన్, నెవిరపిన్ వంటివి కలిపి రోజుకు రెండుసార్లు ఇచ్చేవారు. కాళ్లలో తిమ్మిర్లు, రక్తహీనత, చర్మంపై దద్దుర్లు లాంటి ఇబ్బందులు ఎక్కువగా ఉండేవి. తర్వాత టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర వచ్చింది. దీన్ని రాత్రి పడుకునే ముందు వేసుకోమనేవారు. తల తిరగడం, పీడకలలు రావడం అందుకు కారణం.

ఇప్పుడు 30 కిలోలకు పైబడిన పెద్దవారికి, పదేళ్లు దాటిన పిల్లలకు మొదట ఇచ్చేది సాధారణంగా టీఎల్‌డీ. ఒకే మాత్రలో మూడు మందులు.

- టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు
- లామివుడిన్ 300 మిల్లీగ్రాములు
- డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు

మొదటి రెండూ వైరస్ తన నకలు తీసుకునే దశను అడ్డుకుంటాయి. మూడోది ఆ నకలు మన డీఎన్‌ఏలో కలవకుండా ఆపుతుంది. మూడు వేర్వేరు మందులు ఎందుకంటే, ఒక్క మందే ఉంటే వైరస్ త్వరగా రూపు మార్చుకుని దాన్ని తప్పించుకుంటుంది. మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం కష్టం. డోలుటెగ్రావిర్‌కు వైరస్ అలవాటుపడటం పాత మందులతో పోలిస్తే చాలా అరుదు.

ఈ మాత్ర ఇంత చవకగా దొరకడంలో హైదరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది. 2017 సెప్టెంబరులో పేద, మధ్యాదాయ దేశాలకు ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే టీఎల్‌డీ అందించేలా కుదిరిన ఒప్పందంలో ఉన్నవి హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అరబిందో ఫార్మా, మైలాన్ లేబొరేటరీస్. ఆఫ్రికా దేశాల్లో లక్షల మంది వాడే మాత్రల్లో చాలా వరకు భారతీయ కంపెనీలవే. మన ఏఆర్‌టీ కేంద్రాల్లో మాత్రం మీరు పైసా కట్టక్కర్లేదు.

వైరస్ ఎంత వేగంగా తగ్గుతుంది?

ఇక్కడే తొలి మందు ఎంపిక తేడా చూపిస్తుంది. 2013లో ప్రచురితమైన ‘సింగిల్’ అనే అధ్యయనంలో డోలుటెగ్రావిర్ ఉన్న చికిత్సను, ఎఫావిరెంజ్ ఉన్న చికిత్సను పోల్చారు. వైరల్ లోడ్ 50 కాపీల కిందకు రావడానికి డోలుటెగ్రావిర్ వాడినవారిలో మధ్యస్థంగా 28 రోజులు పట్టింది. ఎఫావిరెంజ్ వాడినవారిలో 84 రోజులు పట్టింది. 48 వారాల తర్వాత వైరస్ అదుపులో ఉన్నవారు మొదటి వర్గంలో 88 శాతం, రెండో వర్గంలో 81 శాతం. దుష్ప్రభావాల వల్ల మధ్యలో మానేసినవారు ఎఫావిరెంజ్ వర్గంలోనే ఎక్కువ.

2019లో దక్షిణాఫ్రికాలో ‘అడ్వాన్స్’ అధ్యయనం టీఎల్‌డీ తరహా చికిత్సను పరీక్షించింది. 48 వారాలకు డోలుటెగ్రావిర్ వర్గాల్లో 84-85 శాతం మందిలో, ఎఫావిరెంజ్ వర్గంలో 79 శాతం మందిలో వైరస్ అణిగింది. అయితే డోలుటెగ్రావిర్ వాడినవారు, ముఖ్యంగా మహిళలు, ఎక్కువ బరువు పెరిగారని కూడా ఇదే అధ్యయనం చూపింది.

మీకు దీని అర్థం ఏంటంటే.. మొదటి నెల మాత్రలు సరిగ్గా వేసుకుంటే అప్పటికే వైరస్ చాలా వరకు పడిపోతుంది. ఆరో నెల పరీక్షలో ఫలితం బాగుంటే అది మీరు రోజూ వేసుకున్న మాత్రల ఫలితమే.

మరి ఈ వాపు ప్రక్రియ ఏంటి?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రగా వాచి, వేడిగా ఉంటుంది. శరీరం రక్షణకు కణాలను పంపిందని గుర్తు. ముల్లు తీసేస్తే రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఇది మేలు చేసే వాపు.

హెచ్‌ఐవీలో జరిగేది వేరు. ముల్లు లోపలే ఉండిపోతుంది. రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి అప్రమత్తంగానే ఉంటుంది. పైకి వాపు కనిపించదు, నొప్పి ఉండదు. కానీ రక్తనాళాల గోడలు, గుండె, మూత్రపిండాలు, ఎముకలు, మెదడు మెల్లగా దెబ్బతింటాయి.

దీనికి కారణాలు ఒకటికి మించి ఉన్నాయి.

- వైరస్ ఉనికే రోగనిరోధక కణాలను నిత్యం రెచ్చగొడుతుంది.
- వైరస్ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడల్లోని సీడీ4 కణాలు భారీగా నశిస్తాయి. గోడ బలహీనపడి, పేగుల్లోని బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారుతుంటాయి. శరీరం వాటితోనూ పోరాడుతూ ఉంటుంది.
- హెపటైటిస్, సైటోమెగలో వైరస్ లాంటి ఇతర ఇన్‌ఫెక్షన్లు తోడవుతాయి.
- పొగతాగడం, మద్యం, బీపీ, షుగర్, అధిక బరువు దీన్ని ఇంకా పెంచుతాయి.

ఈ వాపును పరిశోధకులు సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6, డీ-డైమర్, కరిగే సీడీ14 లాంటి రక్త సూచికలతో కొలుస్తారు. వీటిలో సీఆర్‌పీ, డీ-డైమర్ పేర్లు కొవిడ్ రోజుల్లో మనకు బాగా వినిపించాయి.

మాత్ర వేసుకుంటే ఈ వాపు తగ్గుతుందా?

తగ్గుతుంది. వైరస్ తగ్గిన కొద్దీ చాలా సూచికలు కిందకు వస్తాయి. డీ-డైమర్, ఇంటర్‌ల్యూకిన్-6 మొదటి ఏడాదిలో తగ్గుతున్నట్లు పలు అధ్యయనాలు చూపాయి. కానీ వైరస్ పూర్తిగా అణిగినవారిలోనూ ఈ సూచికలు వైరస్ లేనివారి స్థాయికి సాధారణంగా చేరవు. ముఖ్యంగా పేగు గోడ దెబ్బతిన్నదానికి సంకేతంగా చూసే కరిగే సీడీ14 మొండిగా ఎక్కువగానే ఉంటుంది.

ఏ మందుతో మొదలుపెడితే వాపు ఎక్కువ తగ్గుతుంది? డోలుటెగ్రావిర్ కుటుంబానికి చెందిన మందులతో కొన్ని సూచికలు కాస్త మెరుగ్గా తగ్గినట్లు కొన్ని అధ్యయనాల్లో తేలింది. మరికొన్నింటిలో పెద్ద తేడా కనిపించలేదు. అందుకే వాపును చూసి మందు ఎంచుకోరు. వైరస్‌ను త్వరగా, గట్టిగా అణచివేసేది, దుష్ప్రభావాలు తక్కువగా ఉండేది, రోజూ వేసుకోవడానికి వీలైనది చూసి ఎంచుకుంటారు. వాపు తగ్గడానికి కూడా అన్నింటికన్నా ముందు కావాల్సింది వైరస్ అణిగి ఉండటమే.

‘అయితే నేను సీఆర్‌పీ పరీక్ష చేయించుకోవాలా?’ అని అడగొచ్చు. ఏఆర్‌టీ చికిత్సలో భాగంగా దీన్ని క్రమం తప్పకుండా చేయరు. జలుబు చేసినా, పంటి నొప్పి వచ్చినా సీఆర్‌పీ పెరుగుతుంది. ప్రైవేటు ల్యాబ్‌లో డబ్బు పెట్టి ఆ అంకెను చూసుకుని కంగారు పడటం కన్నా, ఏటా ఉచితంగా చేసే వైరల్ లోడ్ పరీక్షను తప్పించుకోకుండా ఉండటం మేలు.

సీజన్‌లో ఆపి, తర్వాత మొదలుపెడితే?

సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతికిన అధ్యయనం ఒకటి ఉంది. పేరు ‘స్మార్ట్’. 33 దేశాల్లో 5,472 మంది పాల్గొన్నారు. ఒక వర్గం మాత్రలు ఆపకుండా వాడింది. మరో వర్గం సీడీ4 బాగున్నప్పుడు మాత్రలు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో విరామం ఇస్తే మందుల దుష్ప్రభావాలు తగ్గుతాయేమో అన్నది అప్పటి ఆలోచన.

ఫలితం దానికి పూర్తి వ్యతిరేకంగా వచ్చింది. విరామం తీసుకున్న వర్గంలో ప్రమాదకర ఇన్‌ఫెక్షన్లు లేదా మరణం ముప్పు 2.6 రెట్లు పెరిగింది. గుండె, కాలేయం, మూత్రపిండాల సమస్యలు కూడా ఆ వర్గంలోనే ఎక్కువ. దాంతో 2006 జనవరిలో అధ్యయనంలో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు.

తర్వాత వారి రక్త నమూనాలను పరిశీలించినప్పుడు మరో విషయం బయటపడింది. మాత్రలు ఆపిన నెల రోజుల్లోనే ఇంటర్‌ల్యూకిన్-6, డీ-డైమర్ పెరిగాయి. ఈ సూచికలు ఎక్కువగా ఉన్నవారిలో మరణాల ముప్పూ ఎక్కువగా ఉంది.

ఒక నెల. మామిడి సీజన్ అంతకన్నా పొడవు. మీకు జ్వరం రాకపోవచ్చు, బరువు తగ్గకపోవచ్చు, కోతకు వెళ్లే ఓపిక అలాగే ఉండొచ్చు. లోపల మాత్రం గడియారం వెనక్కి తిరుగుతుంది. కాలేయానికి హెపటైటిస్-బి కూడా ఉన్నవారికి ఇంకో ముప్పు ఉంది. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌ను కూడా అదుపులో ఉంచుతాయి. హఠాత్తుగా ఆపితే కాలేయం తీవ్రంగా దెబ్బతినే అవకాశం ఉంది.

ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదా?

అవును. ఒకప్పుడు సీడీ4 బాగా పడిపోయేదాకా ఆగి మందులు మొదలుపెట్టేవారు. 2015లో వెలువడిన ‘స్టార్ట్’ అధ్యయనం దీన్ని మార్చింది. 35 దేశాల్లో సీడీ4 500కు పైగా ఉన్న 4,685 మందిని రెండు వర్గాలుగా చేశారు. వెంటనే మొదలుపెట్టిన వర్గంలో తీవ్ర అనారోగ్యం లేదా మరణం ముప్పు, ఆగి మొదలుపెట్టిన వర్గంతో పోలిస్తే 57 శాతం తక్కువగా ఉంది.

2017లో భారత్ కూడా సీడీ4 ఎంత ఉన్నా అందరికీ చికిత్స అనే విధానానికి మారింది. ఇప్పుడు పాజిటివ్ అని తేలాక, క్షయ, మెదడు ఇన్‌ఫెక్షన్ లాంటివి లేవని చూసి, వారం లోపే, వీలైతే అదే రోజు కూడా మాత్రలు మొదలుపెట్టొచ్చని నాకో మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మందు మొదలుపెట్టాక జ్వరం వస్తే?

సీడీ4 బాగా తక్కువగా ఉన్నప్పుడు చికిత్స మొదలుపెట్టిన కొందరిలో, మొదటి వారాల్లో జ్వరం, మెడ దగ్గర గడ్డలు, దగ్గు రావొచ్చు. ‘మందు పడలేదు’ అని చాలామంది ఇక్కడే మానేస్తారు. నిజానికి కోలుకుంటున్న రోగనిరోధక వ్యవస్థ అప్పటిదాకా దాగి ఉన్న క్షయ లాంటి ఇన్‌ఫెక్షన్‌ను గుర్తించి ఒక్కసారిగా దాడి చేయడం వల్ల ఇలా జరగొచ్చు. దీన్ని ఐరిస్ అంటారు. ఇదీ ఒక వాపు ప్రక్రియే. మాత్రలు సొంతంగా ఆపకుండా వెంటనే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లండి. చాలా సందర్భాల్లో ఏఆర్‌టీ కొనసాగిస్తూనే అసలు ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స చేస్తారు.

టీఎల్‌డీతో ఏ మందులు జాగ్రత్తగా వాడాలి?

- గ్యాస్ కోసం వాడే అల్యూమినియం, మెగ్నీషియం యాంటాసిడ్‌లు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీని వాటికి 2 గంటల ముందు లేదా 6 గంటల తర్వాత వేసుకోవాలి.
- ఐరన్, క్యాల్షియం మాత్రలకూ ఇదే నియమం. భోజనంతో అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. గర్భిణులు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.
- షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. టీఎల్‌డీతో కలిస్తే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. రోజుకు 1,000 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు.
- క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే, 12 గంటల తేడాతో డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర అదనంగా ఇస్తారు.
- టెనోఫోవిర్ వల్ల కొందరిలో మూత్రపిండాలపై ప్రభావం ఉంటుంది. క్రియాటినిన్ పరీక్ష చెప్పినప్పుడల్లా చేయించుకోండి. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు వాడొద్దు.

మామిడి పండ్లు తినొచ్చా అంటే, టీఎల్‌డీకీ మామిడికీ గొడవేమీ లేదు. షుగర్ ఉంటే మాత్రం మోతాదు చూసుకోవాలి.

సీజన్ పనిలో మాత్ర తప్పకుండా ఉండాలంటే?

నెలకు 30 మాత్రల్లో ఒకటికి మించి తప్పితే 95 శాతం లక్ష్యం తప్పినట్టే. తప్పకుండా ఉండటానికి ఇవి పనికొస్తాయి.

- సమయం మార్చుకోవచ్చు. టీఎల్‌డీని తిన్నాకైనా, తినకముందైనా, ఉదయమైనా రాత్రైనా వేసుకోవచ్చు. తెల్లవారుజామున కోతకు వెళ్లేవారికి రాత్రి భోజనం వేళ వీలు కావొచ్చు. నిద్ర పట్టకపోతే ఉదయానికి మార్చుకోండి. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే ఉండాలి. ఫోన్‌లో పేరు లేని అలారం చాలు.
- ముందే ఎక్కువ మాత్రలు అడగండి. వైరస్ అదుపులో ఉండి ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి మూడు నెలల దాకా మందులు ఇచ్చే వీలుంది. కోతలు మొదలవకముందే వెళ్లి, ఎక్కడికి ఎన్ని రోజులు వెళ్తున్నారో కౌన్సెలర్‌కు చెప్పండి.
- దారిలో అయిపోతే ఆగొద్దు. వేరే ఊళ్లో ఉన్నప్పుడు అక్కడి ఏఆర్‌టీ కేంద్రంలో మీ చికిత్స పుస్తకం చూపి తాత్కాలికంగా మందులు తీసుకోవచ్చు. ఆ పుస్తకం ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. ఎక్కువ కాలం వేరే చోట ఉండేట్లయితే అక్కడికే బదిలీ చేయించుకోవచ్చు.
- ఎండ నుంచి కాపాడండి. మాత్రలను లారీ అద్దం ముందు, రేకుల పాకలో ఎండ తగిలే చోట పెట్టొద్దు. డబ్బాలోని తేమ పీల్చే పొట్లం తీసేయొద్దు.
- ఒక పూట మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే మరచినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు.
- కొన్ని రోజులు మానేసి ఉంటే భయపడి వెళ్లకుండా ఉండొద్దు. కౌన్సెలర్ అడిగేది తిట్టడానికి కాదు. వైరల్ లోడ్ 1,000 దాటితే ముందు మూడు నెలలపాటు మాత్రలు సరిగ్గా వేసుకునేలా కౌన్సెలింగ్ ఇచ్చి, మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పటికీ తగ్గకపోతేనే రాష్ట్రస్థాయి నిపుణుల బృందం మందు మార్చే విషయం చూస్తుంది.

మిగిలిన వాపును తగ్గించేదెలా?

మాత్ర తన పని చేశాక మిగిలింది కొంత మీ చేతుల్లో ఉంటుంది. బీడీ, సిగరెట్ మానేయడం వాటిలో మొదటిది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు 40 ఏళ్లు దాటినవారు మరీ నిర్లక్ష్యం చేయొద్దు. బరువు పెరుగుతుంటే గమనించుకోండి. క్షయ రాకుండా ఇచ్చే మాత్రలను పూర్తిగా వాడండి.

గుండె విషయంలో ఒక ముఖ్యమైన అధ్యయనం 2023లో వచ్చింది. భారత్ సహా 12 దేశాల్లో ఏఆర్‌టీ వాడుతున్న 7,769 మందిపై జరిగిన ‘రిప్రీవ్’లో, పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పు 35 శాతం తగ్గింది. వీరంతా 40 ఏళ్లు నిండినవారు, గుండె ముప్పు తక్కువ లేదా మధ్యస్థంగా ఉన్నవారు. మీకు స్టాటిన్ అవసరమా అన్నది డాక్టర్‌ను అడగండి. మందుల షాపులో సొంతంగా కొనొద్దు.

‘మూలికలతో హెచ్‌ఐవీ పూర్తిగా పోతుంది’ అనే ప్రకటనలు నమ్మొద్దు. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందుపైనా చెప్పకూడదని ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్-జే స్పష్టంగా చెబుతోంది. అలాంటి మందు కోసం ఏఆర్‌టీ ఆపితే ఏం జరుగుతుందో పైన చదివారు.

ఎక్కడికి వెళ్లాలి? ఎవరికైనా తెలుస్తుందా?

పరీక్ష కోసం ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాలకు వెళ్లొచ్చు. పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. ఒక్క పరీక్షతో పాజిటివ్ అని చెప్పరు. మూడు వేర్వేరు కిట్లతో నిర్ధారిస్తారు. నిర్ధారణ అయితే ఏఆర్‌టీ కేంద్రానికి పంపుతారు. 2022 జిల్లాల విభజనలో నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారినా, మీకు ఏ కేంద్రం దగ్గరైతే అక్కడ నమోదు గురించి అడగొచ్చు. ఊళ్లో ఎవరైనా చూస్తారని భయమైతే దూరంగా ఉన్న కేంద్రాన్ని ఎంచుకున్నా ఇబ్బంది లేదు. అయితే ఛార్జీలు, సమయం భారమై మాత్రలు తప్పేంత దూరం మాత్రం వద్దు.

సందేహాలకు నాకో టోల్‌ఫ్రీ నంబరు 1097కు ఫోన్ చేయొచ్చు. పేరు చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో ఏఆర్‌టీ చికిత్స పొందుతున్న అర్హులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.4,000 పింఛను కూడా ఉంది. వివరాలు ఏఆర్‌టీ కేంద్రంలోనే అడగండి.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, మీ వివరాలు బయటపెట్టకూడదు. ఉద్యోగం ఇవ్వాలంటే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకు రమ్మని అడగడం, చికిత్స నిరాకరించడం, ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం వివక్ష కిందకు వస్తాయి. చికిత్స, ఆరోగ్య సేవల్లో చట్టాన్ని ఉల్లంఘిస్తే రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

ఇక మీ ఇంట్లోనో, మీ దగ్గర పనిచేసేవారిలోనో ఎవరైనా ‘నెలకోసారి ఆసుపత్రికి వెళ్లాలి, సెలవు కావాలి’ అంటే కారణం అడగకుండా ఆ ఒక్క రోజు ఇవ్వండి. ఆ సెలవు దొరకక వారి మాత్రలు ఆగిపోతే, నెల తిరిగేసరికే శరీరం లోపల నష్టం మొదలవుతుంది.

(ఈ కథనం అవగాహన కోసమే. మందులు మొదలుపెట్టడం, మార్చడం, మోతాదు నిర్ణయించడం ఏఆర్‌టీ కేంద్రంలోని డాక్టర్ సలహాతోనే జరగాలి.)